కారుకి శుక్లాల ఆపరేషన్

గుంటూరులో పెళ్లి చూసుకుని రాత్రి పదకొండింటికి తిరిగొస్తున్నాం. మంగళగిరి దాటాక మా ఆవిడ మెల్లగా అడిగింది, "ఏవండీ, లైట్లు వేశారా?" అని.

వేశాను. డిమ్ కూడా కాదు, పూర్తిగా వేశాను. ఎదురొచ్చే లారీ డ్రైవర్ మామూలుగా అయితే తన లైట్లు కాస్త దించాలి. అతను ఇంకా పెంచాడు. నాకు దారి కనబడట్లేదని జాలిపడ్డాడు కాబోలు.

వెనక సీట్లో నిద్రపోతోందనుకున్న అమ్మ కళ్లు తెరవకుండానే అంది, "దానికి శుక్లాలు వచ్చాయిరా."

నిరుడు అమ్మకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పటినుంచి లోకంలో ఏది మసకగా ఉన్నా ఆవిడ లెక్కలో అది శుక్లమే. టీవీలో బొమ్మ సరిగా రాకపోతే శుక్లం. వంటింట్లో ట్యూబ్‌లైటు కొట్టుకుంటే శుక్లం. అందుకని ఆ రాత్రి నేను పట్టించుకోలేదు. పొద్దున్నే కారు ముందుకెళ్లి చూస్తే మాత్రం ఆవిడ మాటే నిజమనిపించింది. రెండు హెడ్‌లైట్లూ పేరుకున్న నెయ్యిలా పచ్చగా, మసకగా ఉన్నాయి. లోపలి బల్బు ఎక్కడుందో తెలియడం లేదు.

మాది సత్యనారాయణపురంలో పడమటి ముఖం ఇల్లు. కారుకి షెడ్డు లేదు. పదకొండేళ్లుగా అది వీధిలో పడమటి ఎండకి మొహం పెట్టుకునే నిలబడి ఉంది. బెజవాడ ఎండ సంగతి చెప్పేదేముంది, ఊరికి బ్లేజ్‌వాడ అని పేరు ఊరికే రాలేదు. మా నాన్నగారి అంబాసిడర్‌కి గుండ్రటి గాజు దీపాలు ఉండేవి. రాయి తగిలితే పగిలేవే తప్ప పచ్చబడేవి కావు. ఇప్పటివి పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్కు. తేలిక, ఏ వంపు కావాలంటే ఆ వంపు తిరుగుతుంది, చిన్న రాళ్లకి పగలదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలంటేనే దానికి పడదు. అందుకే కంపెనీలో దాని మీద పల్చటి రక్షణ పూత వేస్తారు. ఆ పూత అరిగిపోయాక ఎండ నేరుగా ప్లాస్టిక్కునే తింటుంది. అదంతా పైపైన జరిగే వ్యవహారం.

ఈ జ్ఞానం నాకు తర్వాత వచ్చింది. అప్పటికి నాకున్నది అమ్మ చెప్పిన వైద్యమే.

"శుక్లం లోపలుంటుంది నాయనా. పైన ఎంత తుడిచినా పోదు. తెరిచి తీయాల్సిందే. నాకు పావుగంటలో తీసేశారు."

ముందు టూత్‌పేస్టు పెట్టి రుద్దాను. రెండు రోజులు మెరిసి మళ్లీ మొదటికొచ్చింది. దాంతో అమ్మ మాటకి ఇంకా బలం వచ్చింది. "చూశావా, లోపలుందని చెప్పానా?"

యూట్యూబ్‌లో ఒకాయన హెడ్‌లైట్ ఊడదీసి, ఒవెన్‌లో పెట్టి, బంకని మెత్తబరిచి, రెండు చేతులతో పనసపండు ఒలిచినట్టు ఒలిచేశాడు. దాదాపు వంద డిగ్రీలు, కొన్ని నిమిషాలు, అంతే. నేను మా ఆవిడ ఒవెన్ వైపు చూశాను. మా ఆవిడ నా వైపు చూసింది. ఒవెన్ ప్రస్తావన అక్కడితో ముగిసింది.

సరే, ముందు లైటు ఊడాలి కదా. దానికి బంపర్ వదులు చేయాలట. పదో నంబర్ పానా పట్టుకుని కూర్చున్నాను. బోల్టులు మూడు. రెండు చేతికొచ్చాయి, మూడోది ఇంజన్‌లోకి జారి ఎక్కడో టింగుమంది. ఈ రోజుకీ అది అక్కడే ఉంది, స్పీడ్‌బ్రేకర్ ఎక్కినప్పుడల్లా పలకరిస్తుంటుంది. బంపర్ ప్లాస్టిక్ క్లిప్పుల గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, అవి ఊడవు, విరుగుతాయి. మొత్తానికి రెండు గంటలకి కుడి కన్ను చేతిలోకి వచ్చింది.

అప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్లు పగిలే ఎండ అంటారు. రోళ్లే పగిలే ఎండకి ఒక హెడ్‌లైట్ తెరుచుకోదా? డాబా మీద అమ్మ సగ్గుబియ్యం వడియాలు పెట్టి, పక్కన చాప మీద మాగాయ ముక్కలు ఆరబోసింది. ఆ రెంటి మధ్య చోటు చేసుకుని హెడ్‌లైట్ పెట్టాను. అమ్మ మెట్ల గది నీడలో కర్ర పట్టుకుని కాకుల్ని అదిలిస్తూ కూర్చుంది. "కాకి దాన్నేం చేస్తుందమ్మా?" అంటే, "కళ్లంటే కాకులకి ఇష్టంరా" అంది.

పన్నెండు నుంచి మూడింటి దాకా ఎండింది. వడియాలు గలగలలాడాయి. మాగాయ ముక్కలు ముడుచుకున్నాయి. నా ముక్క మాత్రం మెతకబడలేదు. రోళ్లు పగులుతాయన్నారు గానీ, హెడ్‌లైట్లు తెరుచుకుంటాయని పెద్దలు ఎక్కడా అనలేదు మరి. పదకొండేళ్లు అదే ఎండ లైటుని గుడ్డిదాన్ని చేసింది, ఒక్క పూట సాయం చేయమంటే మాత్రం చేతులెత్తేసింది.

ఇక మిగిలింది మా అమ్మాయి హెయిర్ డ్రయర్. హాల్లో పాత దినపత్రికలు పరిచి, లైటు అంచు చుట్టూ వేడి గాలి కొట్టడం మొదలుపెట్టాను. పదిహేను నిమిషాలయ్యేసరికి కరెంటు పోయింది. అది వచ్చేలోపు బంక మళ్లీ బిగుసుకుంది. రెండో విడతలో అంచు నుంచి నల్లటి బంక కాస్త పైకి ఉబికింది. అమ్మ వంగి, దాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని లాగి చూసింది. సన్నటి నల్లదారం సాగింది.

"తీగపాకం వచ్చింది. అరిసెలకైతే ఇంకాస్త ముదరాలి గానీ, నీకిది చాలు. లాగు."

స్క్రూడ్రైవర్ మొన లోపలికి దూరుతోంది గానీ పైకి లేపడానికి పట్టు దొరకలేదు. ఏదైనా వెడల్పుగా, పల్చగా ఉండాలి. అట్లకాడ గుర్తొచ్చింది. మా ఆవిడ గుడికి వెళ్లి ఉన్న సమయం అది, ధైర్యం చేశాను. అట్లకాడ దూర్చి మడతేసేసరికి ఫట్టుమని అద్దం ఊడి వచ్చింది. దాంతోపాటే బంక. లైటు నుంచి అట్లకాడకి, అట్లకాడ నుంచి చేతికి, చేతి నుంచి లుంగీకి, లుంగీ నుంచి సోఫాకి తీగలు సాగాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఎత్తాను. ఆ తర్వాత చెవి నుంచి కూడా ఒక తీగ సాగింది.

అద్దాన్ని వెలుగులో పెట్టి లోపలి వైపు చూశాను. తళతళలాడుతోంది. శుక్లం లేదు, గిక్లం లేదు. అనుమానమొచ్చి పైవైపు వేలితో రాశాను. గరుకుగా తగిలింది. మసకంతా పైనే ఉంది.

ఇక్కడ తెలివైనవాడైతే మూసేస్తాడు. కానీ ఇంత కష్టపడి విప్పినవాడు లోపల ఏదో ఒకటి తుడవకుండా ఎలా మూస్తాడు? బల్బు వెనక వెండి గిన్నెలాంటిది ఉంటుంది, రిఫ్లెక్టర్. దాని మీద సన్నటి దుమ్ము. పాత బనీను తడిపి గట్టిగా తుడిచాను. దుమ్ము పోయింది. వెండి కూడా పోయింది. అది ప్లాస్టిక్ మీద ఆవిరిగా పట్టించిన అల్యూమినియం పొరట. పొర మొత్తం నా బనీనుకి అంటుకుని, గిన్నెలో అరచేయంత నల్లమచ్చ మిగిలింది.

అమ్మ చూసి, "అయ్యో, కళాయి పోయిందిరా" అని వీధి గుమ్మం వైపు తిరిగింది. "మన చిన్నప్పుడు కళాయి వేసేవాళ్లు వచ్చేవాళ్లు. ఇప్పుడు రావట్లేదు కదూ?"

ఎలాగో మళ్లీ వేడిచేసి, అతికించి, బిగించాను. బల్బు పెట్టేటప్పుడు అమ్మాయి అరిచింది, "నాన్నా, గాజు ముట్టుకోకు!" నిజమే. హాలోజన్ బల్బుకి మడి ఎక్కువ. చేతి జిడ్డు అంటితే ఆ చోటే వేడెక్కి పగిలిపోవచ్చు. అమ్మకి మాత్రం ఆ బల్బు తెగ నచ్చింది. "ఇంట్లో దానికొక్కదానికే ఆచారం మిగిలింది" అంది.

రాత్రి లైట్లు వేసి చూశాం. ఎడమది ఎప్పటిలాగే గుడ్డి. కుడిది ఎదురింటి మామిడిచెట్టు మీది కాయల్ని చూపిస్తోంది. ఎదురింటి బాబాయిగారు బయటికొచ్చి, "ఎవర్రా చెట్టు మీదికి టార్చి వేసేది?" అన్నారు. మా ఆవిడ అప్పుడే అట్లకాడ కోసం వెతుకుతోంది. ఆ సంభాషణ ఇక్కడ రాయను.

మర్నాడు ఆటోనగర్ వెళ్లాను. అక్కడ లారీని ముక్కలుగా ఇచ్చి సాయంత్రం రమ్మంటే లారీగా ఇస్తారు. మేస్త్రి కుడి లైటులోకి తొంగిచూసి, "పైన రుద్దితే పోయేదానికి పొట్ట కోశారేంటి సార్?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా టీ తెప్పించాను.

నేను ముట్టుకోని ఎడమ లైటు చుట్టూ అతను టేపు అతికించాడు. నీళ్లు పోస్తూ 800 నంబర్ వాటర్ పేపర్‌తో రుద్దాడు. పసుపు కలిపిన పాలలా నీళ్లు కారాయి. తర్వాత 1000, 1500, 2000, 3000. నంబర్ పెరిగేకొద్దీ కాగితం నున్నన. మధ్యలో ఒకసారి ఆరబెట్టి చూస్తే అద్దం బాత్‌రూమ్ కిటికీలా తెల్లగా అయిపోయింది. నాకు టెన్షన్ వచ్చి, "మేస్త్రీ, ఇదీ పోయిందా?" అన్నాను. "ఆగండి సార్" అని కాంపౌండు పూసి మెషిన్ తిప్పాడు. బల్బు బయటపడింది. పదకొండేళ్ల తర్వాత దాన్ని మళ్లీ చూడటం. ఎండకి తట్టుకునే క్లియర్ కోట్ కూడా వేసి, "ఇది వేయకపోతే కొన్నాళ్లకే మళ్లీ పచ్చబడుద్ది" అన్నాడు. కుడిదానికి కొత్తది కొనాల్సి వచ్చింది. రేటు మా ఆవిడకి సగమే చెప్పాను. ఇక్కడ ఆ సగం కూడా చెప్పను. చివర్లో కారుని గోడకి పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి, వెనక స్క్రూ తిప్పుతూ కాంతి మామిడికాయల మీద కాకుండా రోడ్డు మీద పడేలా చూశాడు.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను, మసక లోపల కాదమ్మా, పైనే ఉందని.

"పైనా?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. "అయితే అది శుక్లం కాదురా, పువ్వు. పువ్వుకి వైద్యం వేరు. రోగం సరిగా చెప్పకుండా కోసుకుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

అంతటితో ఊరుకోలేదు. ఆపరేషన్ అయిన కంటికి ఎండ తగలకూడదని, తన పాత మంగళగిరి నేత చీర చింపి, కారు ఎండలో ఉన్నంతసేపూ రెండు లైట్లకీ అడ్డంగా కట్టడం మొదలుపెట్టింది. మా వీధి పిల్లలు దానికి గాంధారి అని పేరు పెట్టారు.

వారం తర్వాత ఒక సాయంత్రం చీకటిపడ్డాక బయల్దేరాను. రెండు వీధులు దాటేసరికి అర్థమైంది, లైట్లు మళ్లీ మసక. వారానికే! ఒళ్లు మండిపోయింది. మేస్త్రిని అడగాల్సినవన్నీ దారిపొడుగునా వరసగా పేర్చుకుంటూ నేరుగా ఆటోనగర్ పోయి, షెడ్డు ముందు కారాపి, దిగకుండానే హారన్ కొట్టాను.

అతను బయటికొచ్చాడు. కారు ముందుకెళ్లి కాసేపు నిలబడ్డాడు. ముడి విప్పి, చీర ముక్కని నాలుగు మడతలు పెట్టి, కిటికీలోంచి నా చేతికిచ్చాడు.

"డబ్బులేం వద్దు సార్" అన్నాడు.