ఏడు పేజీల చరిత్ర, ఒక్క పాయింటు ప్రాణం

మా కుటుంబంలో రాజకీయాల మీద గొడవల్లేవు, ఆస్తుల మీద అసలే లేవు (పంచుకునేంత ఉంటే కదా). ఉన్న గొడవల్లా ఒకటే, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట పాతది గొప్పదా, కొత్తది గొప్పదా అని. పాత పార్టీకి నాయకుడు మా తోడల్లుడు. కొత్త పార్టీకి మా బావమరిది. అందరం అమెరికాలో మిల్వాకీ అనే ఊరి చుట్టుపక్కలే ఉంటాం కాబట్టి ఏ పండగొచ్చినా ఈ పంచాయితీ మా డైనింగ్ టేబుల్ మీదే నడుస్తుంది. అదే టేబుల్ మీద పులిహోర కూడా ఉంటుంది కాబట్టి నేను ఏ పార్టీలోనూ చేరకుండా ప్లేటు పట్టుకుని కూర్చుంటాను.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెబుతాను. గెలవడం ఓడడం ఉండదు. ఒకడు గుహ మ్యాపు గీసుకుని, ఎవరికీ కనబడకుండా అట్ట అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అయిపోయి "నేను తలుపు తోస్తాను", "నేను వెనక్కి పరిగెడతాను" అంటుంటే, ఏమైందో వాడు చెబుతుంటాడు. తేలనిచోట పాచికలు వేస్తారు. పాచికంటే మన ఆరు ముఖాలదే కాదు, నాలుగు ముఖాలది మొదలుకుని ఇరవై ముఖాలదాకా ఉంటాయి.

ఇది పుట్టింది మాకు గంట దూరంలోని లేక్ జెనీవా అనే ఊళ్లో. ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయాక బూట్లు రిపేర్ చేసుకునే గ్యారీ గైగాక్స్ అనే ఆయన, పక్క రాష్ట్రం మిన్నెసోటా నుంచి డేవ్ ఆర్నెసన్ అనే కుర్రాడు కలిసి తయారుచేశారు. 1974లో అట్టపెట్టెలో మూడు చిన్న పుస్తకాలు పెట్టి, వెల 10 డాలర్లు పెట్టి, మొదటి విడత వెయ్యి పెట్టెలు వదిలారు. అంతకుముందు వీళ్లిద్దరూ బొమ్మ సైనికులతో యుద్ధాలాడినవాళ్లు. టేబుల్ మీద వందమంది సైనికులు పోయినా ఎవరూ కన్నీళ్లు పెట్టుకోని ఆట అది. ఆ రాతిగుండె మొదటి పుస్తకాల్లోకి అలాగే వచ్చేసింది. మా అత్తమామలు ఆరునెలల వీసా మీద వచ్చినప్పుడు లేకు చూపిస్తానని తీసుకెళ్లి, లేకు సంగతి మర్చిపోయి వీధులన్నీ తిప్పి ఈ కథంతా చెప్పాడు తోడల్లుడు. మావయ్యగారు కారు దిగకుండానే "బాగుంది అల్లుడుగారూ, పైకొచ్చాడు పాపం. నీళ్లెటు?" అన్నారు.

బావమరిది ఆడేది 2014లో వచ్చి 2024లో మరమ్మతులు జరిగిన కొత్త ఆట. అందులో చావడం అంత తేలిక కాదు. ప్రాణం సున్నాకి వచ్చినా స్పృహ తప్పి పడతారంతే. ఆ తర్వాత పాచికలు వేస్తూ మూడుసార్లు తప్పితే గానీ పోరు. ఈలోపు పక్కవాడు ఒక మంత్రం చదివితే లేచి కూర్చుంటారు. రాత్రి నిద్రపోతే పొద్దునకి గాయాలన్నీ మాయం. యూనివర్సిటీ స్నేహితులతో ఒకే పాత్రని ఏడాదిగా పెంచుకుంటున్నాడు, ఆ పాత్ర పెళ్లికి ఒక శనివారం సాయంత్రమంతా కేటాయించారట. నవ్వడానికేమీ లేదు, మనం సీరియల్ చూస్తాం, వాళ్లు సీరియల్లో ఉంటారు.

తోడల్లుడి దగ్గరున్నది 1981 నాటి పుస్తకం, ఎవరిదో గ్యారేజ్ సేల్లో దొరికింది. దాంతో వచ్చిన పాచికలు మూలలరిగిపోయి ఉంటాయి. వాటి మీద అంకెలకి రంగుండదు, పెట్టెలోనే ఒక క్రేయాన్ ముక్క ఇచ్చేవాళ్లు, మనమే రుద్దుకోవాలి. ఆట మొదలయ్యే ముందు ఆయన తెల్ల క్రేయాన్‌ని ఒక్కో అంకె గాడిలో రుద్ది, పైన మిగిలింది బొటనవేలి గోరుతో గీకి, లుంగీ అంచుకి తుడుచుకుంటాడు. ఎదురుగా బావమరిది వెల్వెట్ సంచీలోంచి మెరుపులద్దిన పాచికలు తీసి వరసగా పేరుస్తాడు. ఈ ఇద్దరినీ చూస్తే చాలు, సిద్ధాంత విభేదాలేంటో ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ ఆదివారం బయట మంచు పడుతోంది, ఎక్కడికీ పోలేం. "ఒక్కసారి నా ఆట ఆడి చూడండి" అన్నాడు తోడల్లుడు. బావమరిది సరేనని లోపలికెళ్లి ఏడు పేజీలు ప్రింట్ తీసుకొచ్చాడు. రుద్రసేనుడనే మాంత్రికుడి జీవితచరిత్ర. చిన్నప్పుడే తల్లి దూరమవడం, గురువు మోసం చేయడం, ఎడమ భుజం మీద ఎవరికీ తెలియని మచ్చ. తోడల్లుడు అన్నీ శ్రద్ధగా చదివి, మడిచి, గ్లాసు కింద పెట్టుకున్నాడు.

"ఇప్పుడు మూడు పాచికలు ఆరుసార్లు వెయ్యి. వచ్చింది వచ్చినట్టే రాసుకోవాలి, అటూ ఇటూ మార్చుకోడాల్లేవు."

రుద్రసేనుడికి కండబలం 13, తెలివి 9, ఒంట్లో సత్తువ 6 వచ్చాయి. మాంత్రికుడి ప్రాణానికి నాలుగు ముఖాల పాచిక వేస్తే రెండు పడింది, సత్తువ లేనందుకు ఒకటి కోత. మిగిలింది ఒకటి. పిల్లి గీరితే పోయే ప్రాణం. రోజుకి ఒకే మంత్రం, అదైనా నిప్పు కురిపించేదో నిద్రపుచ్చేదో ఇస్తాడనుకుంటే తేలే పళ్లెం ఇచ్చాడు. సామాను మోసే పళ్లెం.

"దీంతో శత్రువుల్ని ఏం చేయాలి బావా, భోజనం వడ్డించాలా?"

మా ఆవిడ దొంగ. తాళం తీసే అవకాశం నూటికి పదిహేను, ఉచ్చులు కనిపెట్టే అవకాశం నూటికి పది. "దీనికంటే మన మెయింటెనెన్స్ వాడే నయం" అంది. నేను పూజారిని. ఒకటో లెవెల్ పూజారికి ఒక్క మంత్రం కూడా రాదని పుస్తకంలో రాసి ఉంది, గదతో కొట్టడమే.

మావయ్యగారు రిటైర్డ్ మండల సర్వేయరు. ఆయన్ని ఊరికే కుర్చీ నింపడానికి కూర్చోబెట్టాం, యోధుడి పాత్ర ఇచ్చాం. ధరల పట్టిక చూసి ఆయన మొదట అడిగిన ప్రశ్న, "వెల్లుల్లి అయిదు బంగారు నాణేలా? కత్తి పదీ, వెల్లుల్లి అయిదా?" రక్తం తాగే పిశాచాలకి విరుగుడని చెప్పినా శాంతించలేదు. చివరికి ఒక నాణెం పెట్టి పదడుగుల కర్ర, ఇంకో నాణేనికి తాడు కొన్నారు. గ్రాఫ్ కాగితం, స్కేలు, చెక్కిన పెన్సిలు అడిగి తెప్పించుకున్నారు. గడికి పదడుగులని చెబితే "అంటే పదిహేను లింకులు" అని సర్వే గొలుసు లెక్కలో పక్కన రాసుకున్నారు.

గుహలోకి దిగాం. మొదటి గదిలో ఒక చెక్కపెట్టె. మా ఆవిడ సరిగ్గా అప్పుడే గారెలు వాయి తేవడానికి వంటింట్లోకి వెళ్లింది.

"నేను పర్సెప్షన్ వేస్తాను" అన్నాడు బావమరిది. కొత్త ఆటలో ఏదైనా కంటపడిందా లేదా అని పాచిక వేసి తేల్చుకోవడం అది. పాచిక అప్పటికే గాల్లో ఉంది.

"అలాంటిదేమీ లేదు. నువ్వేం చేస్తావో నోటితో చెప్పు."

"అంటే... చూస్తాను."

"ఏం చూస్తావు? ఎక్కడ్నుంచి? చేత్తో ముట్టుకుంటావా?"

"అబ్బ, పెట్టె తెరుస్తాను బావా!"

తాళం దగ్గర చిన్న సూది, దానికి విషం. ఇరవై ముఖాల పాచిక మీద 13 గానీ ఆపైన గానీ పడితే బతికినట్టు. మెరుపుల పాచిక టేబుల్ మీద దొర్లి, పచ్చడి గిన్నెకి కొట్టుకుని ఆగింది. పదకొండు.

"పోయాడు" అన్నాడు తోడల్లుడు, గ్లాసెత్తి ఓ గుక్క తాగి, తడిసిన ఏడు పేజీల మీదే మళ్లీ పెట్టి.

"పోవడమేంటి? మూడు ఛాన్సులుంటాయి కదా?"

"మీ పుస్తకంలో. మనం 1981లో ఉన్నాం."

"బావా, నువ్వు పూజారివి కదా, హీల్ చెయ్!"

"నాకు మంత్రాలు రెండో లెవెల్లో వస్తాయిట్రా" అన్నాను. అబద్ధమేం కాదు.

ఈ గొడవ వంటింట్లోకి "పోయాడు, చచ్చిపోయాడు" అన్నంత మేర మాత్రమే వినబడింది. అత్తగారు చిల్లుల గరిటెతో సహా హాల్లోకి వచ్చారు. "ఎవరు పోయింది?" అన్నారు. మా ఆవిడ నోరు ఆగదు కదా, "తమ్ముడు" అంది. దీపాలు పెట్టేవేళ అవేం మాటలని అందరికీ కలిపి అక్షింతలు వేసి, కొడుకుని లేపి నిలబెట్టి, గుప్పెడు ఉప్పు చుట్టూ తిప్పి దిష్టి తీసి, సింకులో కుళాయి తిప్పారు. దిష్టి తీయించుకుంటూ కూడా వాడు "భుజం మీద మచ్చ గురించి ఒక్కరు కూడా అడగలేదు" అని గొణుగుతూనే ఉన్నాడు.

ఇక్కడ పాత ఆటలో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది. కొత్త ఆటలో ఇంకో పాత్రని తయారుచేయడమంటే బాగా తెలిసినవాడికి కూడా గంట పట్టేస్తుంది. ఇందులో రెండు గారెలు తినేలోపు అయిపోతుంది. భద్రసేనుడు, రుద్రసేనుడి తమ్ముడు, యోధుడు. చరిత్ర ఒకటే వాక్యం: అన్నయ్య తీసుకున్న అప్పు వసూలు చేసుకోడానికి వచ్చాడు. వస్తూనే శవం జేబులు వెతికాడు. ఏడు పేజీల రుద్రసేనుడి కంటే వీడే నయమని అందరికీ అప్పుడే అనిపించింది, పైకి అనలేదు.

ఇక్కడ్నుంచి మావయ్యగారి రాజ్యం మొదలైంది. ప్రతి మలుపులోనూ పదడుగుల కర్రతో ముందు నేల తట్టడం, ఆ తర్వాత పైకప్పు అడగడం, ఆ తర్వాత గోడ కొలతలు. ఎదురొచ్చిన గాబ్లిన్లని (గుహల్లో ఉండే పొట్టి రాక్షసులు) నరుకుదామని భద్రసేనుడు కత్తి తీస్తే, "ఆగరా, ముందు వాళ్ల హద్దులెక్కడిదాకానో కనుక్కో" అని వారించారు. రెండు పాచికలు వేసి వాటి మూడ్ చూశాడు తోడల్లుడు, అవి పెద్దగా పట్టించుకోకుండా దారిచ్చాయి. ముప్పై ఏళ్లు గట్టు తగాదాల మధ్య గొలుసు లాగిన మనిషికి గాబ్లిన్లు ఒక లెక్కా!

కాసేపటికి ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, మ్యాపుని ఇటూ అటూ తిప్పి చూశారు.

"అల్లుడుగారూ, ఉత్తరం గదికీ ఈ నడవాకీ మధ్య ఇరవై అడుగులు తేలడం లేదు. ఎవరి ఖాతాలో ఉంది? పోరంబోకా?"

తోడల్లుడి మొహం చూడాలి. ఆ రహస్య గది చుట్టూ ఆయన ఎంతోమందిని తిప్పాడుట, ఇలా కాగితం మీద పట్టుకున్నవాళ్లు లేరట.

"నాన్నా, దానికి ఇన్వెస్టిగేషన్ రోల్ వెయ్యాలి" అన్నాడు బావమరిది అలవాటు చొప్పున.

"రోలెందుకురా, తీసివేతలు వస్తే చాలు. కర్రతో ఆ గోడ తట్టు."

బోలుగా మోగింది. పాచిక కదిలించకుండానే తోడల్లుడు గోడ తెరిచేశాడు. లోపల నాణేల గుట్ట, రెండు వేలు. బావమరిది అయితే కుర్చీ మీద నిలబడ్డాడు, వాడి పెళ్లి సీరియల్లో కూడా ఇంత గట్టిగా అరిచి ఉండడు.

"రాగివి" అన్నాడు తోడల్లుడు.

పది నాణేలు ఒక పౌండు. అంటే రెండు వందల పౌండ్ల రాగి. పెద్ద గోతానికి ఆరొందలే పడతాయి, మూడు గోతాలు నిండాక కూడా నాలుగోది కావాలి. కాగడా ఒకటే మిగిలింది, అది గంటసేపే వెలుగుతుంది, ఇంత బరువు మోస్తే అడుగు సగానికి సగం పడుతుంది. ఏం చేద్దామా అని లెక్కలు వేసుకుంటుంటే మా ఆవిడ గారె కొరుకుతూ, "ఆ తేలే పళ్లెం ఎంత మోస్తుందేం?" అంది.

తోడల్లుడు పుస్తకం చూశాడు. "అయిదు వేల నాణేలు."

అందరం బావమరిది వైపు చూశాం. "నేను భద్రసేనుణ్ని" అన్నాడు వాడు, ఏమాత్రం తొణక్కుండా.

మోశాం. రెండు ట్రిప్పులు, దారిలో కాగడా ఆరి, చీకట్లో మావయ్యగారి మ్యాపు పట్టుకుని గోడలు తడుముకుంటూ, గాబ్లిన్లకి గుప్పెడు రాగి లంచమిస్తానని మా ఆవిడ, ఇవ్వద్దు రేటు పెరుగుతుందని మావయ్యగారు వాదించుకుంటూ. బయటపడ్డాక తోడల్లుడు పాయింట్లు కట్టాడు. ఈ ఆటలో ఒక బంగారు నాణెం తెస్తే ఒక పాయింటు. వంద రాగి నాణేలు ఒక బంగారు నాణెం. మొత్తం ఇరవై, నలుగురికీ తలా అయిదు. యోధుడు రెండో లెవెల్ ఎక్కాలంటే రెండు వేలు కావాలి.

"అంటే ఇలాంటి గుహలు నాలుగొందలు" అన్నారు మావయ్యగారు పెన్సిలు చెవికి తగిలించుకుంటూ. కాసేపు ఆలోచించి, "పోనీ అల్లుడుగారూ, దీనికి టీఏ, డీఏ ఏమైనా ఉంటాయా?"

తోడల్లుడు నిజంగానే పుస్తకం తిరగేయడం మొదలుపెట్టాడు.