గవర్నమెంట్ క్లాసును సమ్మర్‌లో దులిపేసుకోవద్దు

మే నెల రాగానే డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఒకటే మాట. "గవర్నమెంట్, ఆర్ట్ అప్రిసియేషన్ రెండూ ఈ సమ్మర్‌లో కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్‌లో తీసేసుకో నాన్నా, ఐదు వారాల్లో అయిపోతాయి, ఫాల్ నుంచి మెయిన్ సబ్జెక్టుల మీద కూర్చోవచ్చు." ఫ్రిస్కోలో అయినా ఇర్వింగ్‌లో అయినా, హ్యూస్టన్ వైపు కేటీలో అయినా ఇదే సలహా. అక్కలు తమ్ముళ్లకు చెప్తారు, పుట్టినరోజు ఫంక్షన్లలో ఆంటీలు పక్కింటి పిల్లలకు చెప్తారు, ఏ ప్రొఫెసర్ దగ్గర 'ఏ' గ్రేడు సులువుగా వస్తుందో కూడా ఒకరి నుంచి ఒకరికి చేరిపోతుంది. చెప్పేవాళ్లంతా పిల్లల మంచి కోరేవాళ్లే. అయినా ఇది మంచి సలహా కాదని మేము అనుకుంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీలో గానీ యూనివర్సిటీలో గానీ బ్యాచిలర్స్ డిగ్రీ చేసే ప్రతి విద్యార్థీ, చదివేది కంప్యూటర్ సైన్స్ అయినా నర్సింగ్ అయినా, 42 క్రెడిట్ అవర్ల 'కోర్' పూర్తి చేయాలి. అందులో అమెరికా చరిత్రకు 6, గవర్నమెంట్‌కు 6, ఈ రెండూ రాష్ట్ర చట్టంలోనే రాసి ఉన్నాయి. కళలకు 3, భాష, తత్వం, సంస్కృతికి 3, సైకాలజీ, సోషియాలజీ, ఎకనామిక్స్ లాంటి సామాజిక శాస్త్రాలకు 3, మిగతావి ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు వగైరా. డిగ్రీ మొత్తం మామూలుగా 120 క్రెడిట్లు. అంటే మూడో వంతుకు పైగా చదువు ఇదే. దీన్ని 'వేస్టు' అంటే, మనం కట్టే ఫీజులో మూడో వంతును మన చేత్తోనే చెత్తబుట్టలో వేసినట్టు.

కమ్యూనిటీ కాలేజీలో చదవడం తప్పని మేము అనడం లేదు, ఈ మాట గట్టిగానే చెప్పాలి. ఫీజు తక్కువ, చాలాచోట్ల క్లాసు చిన్నది, మూడు వందల మంది కూర్చునే ఆడిటోరియంలో దొరకని చనువు అక్కడ టీచరుతో దొరుకుతుంది. రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలన్నీ ఒకే కోర్సు నంబర్లు వాడతాయి కాబట్టి గవర్నమెంట్ 2305 (ఫెడరల్ ప్రభుత్వం), 2306 (రాష్ట్ర ప్రభుత్వం) అక్కడ పాసైతే ఆ క్రెడిట్లు ప్రభుత్వ యూనివర్సిటీకి వచ్చేస్తాయి. హైస్కూల్లోనే డ్యూయల్ క్రెడిట్ కింద, అంటే స్కూలుకూ కాలేజీకీ రెండింటికీ లెక్కకు వచ్చేలా, చదివే పిల్లలూ బోలెడుమంది. మా బాధ ఎక్కడ చదివారన్నది కాదు, ఎలా చదివారన్నది. ఐదు వారాలు, రాత్రి పదకొండు దాటాక ల్యాప్‌టాప్ తెరిచి, వీడియోలు రెట్టింపు వేగంతో పరిగెత్తించి, ఈ మధ్య అయితే వ్యాసం కూడా ఏఐ చేత రాయించి, 'ఏ' తెచ్చుకుని, ఆగస్టుకల్లా అంతా మర్చిపోయే చదువు గురించి మా బాధ.

ఆ 2306 క్లాసులో ఏముంటుందో తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. అది టెక్సాస్ గవర్నమెంట్. మీరు ఉంటున్న ఇంటి గురించే అది. ఈ రాష్ట్రంలో ఆదాయపు పన్ను లేదని మనం సంబరపడి కాలిఫోర్నియా నుంచి, న్యూజెర్సీ నుంచి వచ్చాం. మరి స్కూళ్లు ఎలా నడుస్తున్నాయి? చాలావరకు ప్రాపర్టీ ట్యాక్స్ మీద. అందులో పెద్ద ముక్క స్కూల్ డిస్ట్రిక్టుకే పోతుంది. ఇంటికి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్టు, రేటు పెట్టేది వేరేవాళ్లు, అంటే సిటీ, కౌంటీ, స్కూలు బోర్డు. ఏటా వసంతంలో ఇంటి విలువ నోటీసు రాగానే "ప్రొటెస్ట్ ఎలా చేయాలి" అని గ్రూపుల్లో అడిగేవాళ్లు వందలమంది, కానీ రేటు పెట్టే స్కూలు బోర్డు ఎన్నిక మే మొదటి శనివారం జరిగితే ఆ పోలింగ్ బూతులు ఎంత ఖాళీగా ఉంటాయో అక్కడికి వెళ్లినవాళ్లకు తెలుసు. ఆ రెండింటికీ ఉన్న సంబంధం చెప్పే క్లాసును మనం ఐదు వారాల్లో దులిపేసుకోమంటున్నాం.

టెక్సాస్ రాజ్యాంగం 1876 నాటిది, 500 సార్లకు పైగా సవరించారు. శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు మాత్రమే మామూలు సమావేశం జరుపుకుంటుంది. సభ్యుడి జీతం నెలకు 600 డాలర్లు. అంత తక్కువ జీతానికి ఎవరు పని చేయగలరు, ఎవరు చేయలేరు, దాంతో చట్టాలు ఎవరి వైపు మొగ్గుతాయి అని టీచరు అడిగితే క్లాసంతా ఒక్కసారి నిద్ర లేస్తుంది. కౌంటీ జడ్జి అంటే ముఖ్యంగా కోర్టులో తీర్పులిచ్చే మనిషి కాదు, కౌంటీని నడిపే కమిషనర్ల సభకు అధ్యక్షుడు. రైల్‌రోడ్ కమిషన్‌కు ఇప్పుడు రైళ్లతో పని లేదు, చమురు, గ్యాస్ దాని చేతిలో ఉన్నాయి, ఆ ముగ్గురు కమిషనర్లనూ ఓటర్లే ఎన్నుకుంటారు. జడ్జీలు కూడా పార్టీ పేరుతో ఎన్నికల్లో నిలబడతారు. మన ఊళ్లో కలెక్టరు, ఆర్డీవో, ఎమ్మార్వో అనే మెట్లు తెలిసిన తండ్రికి ఇవన్నీ కొత్తవే. పిల్లవాడు చదివి ఇంట్లో చెప్తే తండ్రి కూడా నేర్చుకోవచ్చు.

2025 జనవరి 20న తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు ఇక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం రాదంటూ అధ్యక్షుడి ఆదేశం వచ్చింది. ఆ వారం హెచ్-1బీ ఇళ్లలో ఎంత టెన్షనో మాకు గుర్తుంది. నెలలు నిండిన ఆడపిల్లలు డేట్లు లెక్కపెట్టుకున్నారు, ఇండియా నుంచి అమ్మానాన్నలు రాత్రంతా ఫోన్లు చేశారు. వాట్సాప్‌లో తిరిగిన సమాచారంలో సగం తప్పు. మూడో రోజుకే సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆదేశాన్ని తాత్కాలికంగా ఆపారు, ఆ తర్వాత వ్యవహారం పై కోర్టులకు నడిచింది. జడ్జి ఏ ఆధారంతో ఆపగలిగారు? 1868లో వచ్చిన 14వ సవరణతో, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ 1898లో సుప్రీంకోర్టులో గెలిచిన కేసుతో. గవర్నమెంట్ 2305లో ఈ రెండూ వచ్చే పాఠాలే. అంటే ఆ వారం భయపడుతున్న ఇంట్లోనే, పై గదిలో, ఆ పాఠం చదివి 'ఏ' తెచ్చుకున్న పిల్లో పిల్లవాడో ఉండి ఉండవచ్చు. కిందికి దిగి వచ్చి, "అమ్మా, ఇది ఒక్క సంతకంతో అయిపోయే పని కాదు, ఇదీ దారి, ఇవీ మెట్లు" అని చెప్పగలిగేంతగా చదివారా లేదా? మేము అడిగేది అంతే.

చరిత్ర క్లాసూ ఇలాగే మన గుమ్మంలోకి వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం అడిగితే, నువ్వు 'తెల్లవాడివి' కాదు కాబట్టి అర్హత లేదని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే పౌరసత్వం తెచ్చుకున్న కొందరు భారతీయుల దగ్గర నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నారు కూడా. 1946లో చట్టం మారితే ఏడాదికి వందమంది భారతీయులకు దారి దొరికింది. దేశాలవారీ పాత కోటాలను 1965 చట్టం తీసేసింది, ఆ తలుపులోంచే మన డాక్టర్లు, ఇంజనీర్లు ఒక్కొక్కరుగా వచ్చారు. ఆ చట్టం పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే, నల్లజాతి ప్రజలకు ఓటు హక్కు చట్టం వచ్చిన ఏడాదే వచ్చింది. మా కష్టంతోనే ఇంతవాళ్లమయ్యాం అని చెప్పుకునే ముందు పిల్లలకు ఇది తెలిసి ఉండాలి. కష్టం నిజమే, కాదనం, తలుపు తీసినవాళ్లు వేరే ఉన్నారు.

ఇక ఆర్ట్. దీన్ని వెనకేసుకొచ్చేవాళ్లు మరీ తక్కువ. "బొమ్మలు చూసి పేర్లు బట్టీ పట్టడానికి మూడు క్రెడిట్లా" అంటారు. చెడ్డగా చెప్పిన క్లాసు నిజంగానే అంతే, స్లయిడు తర్వాత స్లయిడు, చివర్లో మల్టిపుల్ చాయిస్. మంచి టీచరు చేయించే మొదటి పని వేరు. ఒక్క బొమ్మ ముందు అరగంట కూర్చోబెడతారు, ఏం కనిపిస్తుందో రాయమంటారు. గీత ఎటు పోతోంది, వెలుగు ఎటు నుంచి పడుతోంది, మధ్యలో ఖాళీ ఎందుకు వదిలారు? మొదటి ఐదు నిమిషాల్లో రాయడానికి ఏమీ ఉండదు. పదిహేనో నిమిషం దాటాక కన్ను తెరుచుకుంటుంది. నిమిషానికి పది రీల్స్ చూసే వయసులో ఆ అరగంట ఎంత విలువైనదో తల్లిదండ్రులకు మేము చెప్పనక్కర్లేదు.

మన ఇళ్ల షోకేసుల్లో నటరాజు ఉంటాడు. పిల్ల శనివారం కూచిపూడి క్లాసుకు వెళ్లొస్తుంది. ఆ ఎత్తిన కాలు ఏం చెప్తోంది, కాలికింద పడి ఉన్నది ఎవరు, చుట్టూ ఆ మంటల చక్రం ఎందుకు అని ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. హైస్కూలు ఏపీ (అడ్వాన్స్డ్ ప్లేస్మెంట్) ఆర్ట్ హిస్టరీలో చదవాల్సిన 250 కళాఖండాల్లో నటరాజ విగ్రహం ఉంది, సాంచీ స్తూపం ఉంది, ఖజురహో లక్ష్మణ ఆలయం ఉంది. మనది అనుకున్న దాన్ని పరాయి ఊరి క్లాసులో మొదటిసారి సరిగ్గా చూడటం చిన్న అనుభవం కాదు. టర్మ్ పేపరుకు విషయం ఎంచుకోమంటే మోనాలిసా మీదే రాయాలని ఏముంది? లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద రాయొచ్చు. శ్రీకాళహస్తి కలంకారీ మీద రాయొచ్చు. అమరావతి శిల్పాల మీద రాయొచ్చు. వాటిని మార్బుల్స్ అని పిలిచారు గానీ అది పలనాటి సున్నపురాయి, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అవి ఎవరికి చెందాలి అన్న ప్రశ్న దగ్గర ఆర్ట్ క్లాసు, గవర్నమెంట్ క్లాసు కలిసిపోతాయి.

పైగా డాలస్‌లో ఉన్నవాళ్లకు డబ్బు ఖర్చు సాకు కూడా లేదు. క్రో మ్యూజియం ఆఫ్ ఏషియన్ ఆర్ట్‌లో ప్రవేశం ఉచితం. ఫోర్ట్‌వర్త్ కింబెల్ మ్యూజియంలో సొంత సేకరణ చూడటం ఉచితం, మైకెలాంజిలో చిన్నవయసులో వేసిన చిత్రం ఒకటి అక్కడే ఉంది. 1972లో తెరిచిన ఆ భవనం కట్టింది లూయీ కాన్. అహ్మదాబాద్ ఐఐఎం కూడా ఆయన కట్టిందే. పైకప్పు నడినెత్తిన వదిలిన సందులోంచి టెక్సాస్ ఎండ వెండిలా మెత్తబడి లోపలికి దిగుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, మాల్‌కు బదులు, పిల్లలతో అక్కడ ఓ బల్ల మీద కూర్చుని చూడండి.

ఈ సబ్జెక్టుల మీద మనవాళ్లకు ఎందుకింత చిన్నచూపు? తల్లిదండ్రులను తప్పుపట్టి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు. పదో తరగతి అయిపోగానే, పదిహేనేళ్లకే, ఎంపీసీనా బైపీసీనా అని అడిగిన ఊళ్ల నుంచి వచ్చాం. సీఈసీ, హెచ్ఈసీ అన్న పిల్లవాడిని చుట్టాలు జాలిగా చూసిన రోజులవి. సోషల్ పరీక్ష రాసి బయటికి వచ్చిన సాయంత్రంతో చరిత్రకూ పౌరశాస్త్రానికీ నీళ్లు వదిలేశాం. అలా వదిలేయకపోతే ర్యాంకు రాదు, ర్యాంకు రాకపోతే సీటు రాదు, సీటు రాకపోతే ఇంటి అప్పు తీరదు. ఇప్పుడు అక్కడ ఇంజనీరింగులో భారత రాజ్యాంగం మీద తప్పనిసరి కోర్సు పెట్టారు, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళికలో దానికి క్రెడిట్లు మాత్రం లేవు, అందుకే పిల్లలు దాన్ని ఎలా చూస్తారో వేరే చెప్పాలా. ఆ భయం మనల్ని గట్టెక్కించింది, అది నిజం. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల మీద కూడా అదే భయం మోపాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

ఖర్చు గురించి, టైం గురించి అడిగేవాళ్ల మాట మేము కొట్టిపారేయం. హెచ్-1బీ వాళ్ల పిల్లలకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి, 21 నిండేలోపు గ్రీన్‌కార్డు రాకపోతే స్టేటస్ మార్చుకోవాల్సిన పిల్లలున్నారు, వాళ్లకు ప్రతి సెమిస్టరూ డబ్బే, ప్రతి నెలా ఒత్తిడే. వాళ్లు సమ్మర్‌లోనే తీసుకోక తప్పదంటే తీసుకోనివ్వండి. అయితే ఆరు గవర్నమెంట్ క్రెడిట్లలో మూడైనా మామూలు సెమిస్టర్‌లో, క్లాసులో కూర్చుని, చేయెత్తి ప్రశ్న అడిగే చోట చదవమని మా మనవి. ప్రొఫెసర్‌ను ఎంచుకునేటప్పుడు సులువా కష్టమా అని కాకుండా వ్యాసాలు రాయిస్తారా, మీటింగులకు పంపుతారా అని అడగండి. సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్లి రిపోర్టు రాయమనే టీచర్లు ఉన్నారు, వాళ్ల క్లాసు దొరికితే వదలొద్దు. ఓటు లేని తల్లిదండ్రులు కూడా ఆ సమావేశానికి పిల్లలతో వెళ్లొచ్చు, అక్కడ ఎవరూ పాస్‌పోర్టు అడగరు. చదువుకోవాలనుకునే పెద్దలకు హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో అమెరికన్ గవర్నమెంట్, యూఎస్ హిస్టరీ పుస్తకాలు పూర్తిగా ఉచితం. రాత్రి సీరియల్ టైంలో రోజుకు నాలుగు పేజీలు చాలు.

ఇంకో సంగతి, ఇది తొందరగా పట్టించుకోవాల్సింది. 2025లో టెక్సాస్ శాసనసభ ఆమోదించిన ఎస్‌బీ 37 (సెనేట్ బిల్లు 37) చట్టం, ఈ కోర్‌ పాఠాలను సమీక్షించే బాధ్యతను యూనివర్సిటీల పాలక మండళ్లకు అప్పగించింది. ఏ కోర్సు ఉండాలి, ఏది పోవాలి అన్న నిర్ణయంలో ఇకపై వాళ్ల మాటే బరువుగా ఉంటుంది. థింద్ కథ, వాంగ్ కిమ్ ఆర్క్ కథ, నటరాజ విగ్రహం ఇకముందు కూడా ఆ క్లాసుల్లో ఉంటాయా అన్నది మన పిల్లల సంగతి. మండళ్ల సమావేశాలు బహిరంగం, అజెండా ముందే పెడతారు. మన పిల్లలు వేలల్లో చదువుతున్న యూనివర్సిటీలు ఇవి. వచ్చే సమావేశం తేదీ చూసుకుని, పనికి ఒక పూట సెలవు పెట్టుకుని, ఇంటికొకరు చొప్పున వెళ్లి కూర్చోవాలని మా పాఠకులను కోరుతున్నాం.