1.2 అందరికీ నార్మల్ కాదు

రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడగట్టి పంపే వ్యర్థం, 1.2 వస్తే ‘పర్లేదు’ అని కాగితం పక్కన పెట్టేయడం మామూలే. కిడ్నీల పనితీరును లెక్కగట్టే 2021 నాటి సీకేడీ-ఎపీ సూత్రంలో ఆ అంకె వేసి చూడండి. 60 ఏళ్ల పురుషుడికి కిడ్నీల వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, సుమారు 69 వస్తుంది. అదే వయసు స్త్రీకి 52 మాత్రమే. క్రియాటినిన్ పుట్టేది కండరాల్లో. స్త్రీలకు కండ సగటున తక్కువ కాబట్టి, వాళ్ల రక్తంలో అది 1.2కు చేరిందంటే వడపోత పురుషుడికంటే ఎక్కువే మందగించి ఉండాలి. ఈజీఎఫ్ఆర్ 60 లోపు మూడు నెలలకు మించి ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే. లెక్కకు క్రియాటినిన్‌తోపాటు కావాల్సింది వయసు, స్త్రీయా పురుషుడా అన్న వివరం. రెండూ రిపోర్టు పైనే ఉంటాయి. అయినా కొన్ని ల్యాబులు ఈజీఎఫ్ఆర్ అచ్చువేయకపోవడానికి బద్ధకం తప్ప మాకు వేరే కారణం కనిపించడం లేదు.

మందులదీ ఇదే దారి. నిద్రమాత్ర జోల్పిడెమ్‌కు అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది. ఆ మందు స్త్రీల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. రాత్రి వేసుకుంటే తెల్లారి బండి నడిపేటప్పుడూ మత్తు వదలకపోవచ్చు. వాళ్లకు మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది 2013లో! గర్భం దాల్చే వయసు స్త్రీలను తొలిదశ ప్రయోగాలకు దూరం పెట్టాలన్న నిబంధన 1977 నుంచి 1993 దాకా ఆ సంస్థదే.

గుండెపోటును పట్టే ట్రోపోనిన్-ఐ పరీక్షల్లో బాగా వాడే ఒకదానికి హద్దు లీటరుకు స్త్రీలలో 16, పురుషులలో 34 నానోగ్రాములు. ఇద్దరికీ కలిపి 26 దగ్గర గీత గీస్తే 20 వచ్చిన స్త్రీ గుండెపోటు అనుమానితుల జాబితాలోకి రాదు. అలాగని హద్దు మార్చి చేతులు దులుపుకుంటే కుదరదు. జబ్బు బయటపడ్డాక కూడా స్త్రీలకు స్టెంట్లు, మందులు తక్కువగానే అందుతున్నాయి. ఛాతీనొప్పి ఇద్దరిలోనూ ముఖ్య లక్షణమే. దానితోపాటు ఆయాసం, వాంతి, దవడనొప్పి అని స్త్రీ చెబితే గ్యాస్ అనో ఆందోళన అనో తేల్చేయకముందే ఈసీజీ తీయాలి.

నష్టం ఒకవైపే లేదు. ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బన్న ముద్ర వల్ల మగవాళ్లకు ఎముక సాంద్రత పరీక్షే చాలాసార్లు రాయరు. తుంటి ఎముక విరిగాక ఏడాదిలోపు మరణాలు మాత్రం వాళ్లలోనే ఎక్కువ. రికార్డులో ‘పురుషుడు’ అని మార్చుకున్న ట్రాన్స్ వ్యక్తికి గర్భాశయ ముఖద్వారం ఉన్నా, అక్కడి క్యాన్సర్‌ను ముందే పట్టే స్క్రీనింగ్ పిలుపు వెళ్లకుండా పోవచ్చు. ఆసుపత్రి రికార్డులో పుట్టినప్పటి లింగం, ఇప్పటి గుర్తింపు, ఉన్న అవయవాలు అని మూడు గడులు విడివిడిగా ఉండాలి.