రాయికి నాలుగు నిమిషాలు చాలు

లాంగ్ వీకెండ్ వస్తే వేగస్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని, మూడు రోజుల్లో అమెరికాలోని యూటా, అరిజోనా రాష్ట్రాల రాతి వింతలు జియాన్, బ్రైస్, ఆర్చెస్, మాన్యుమెంట్ వ్యాలీ, యాంటెలోప్ కెన్యన్ చుట్టేసే మన తెలుగువాళ్ళను ఆడిపోసుకోవడం ఈమధ్య ఫ్యాషనైంది. హడావిడి మనుషులట. తప్పంతా రాళ్ళది.

యూటా రాళ్ళకు ప్లానింగ్ లేదు. ఆర్చెస్ ఒక్క పార్కులోనే 2,000కు పైగా రాతి తోరణాలు! అంతా చేసి అసలైన డెలికేట్ ఆర్చ్‌ని, యూటా కార్ల నంబర్ ప్లేటు మీదుండే దాన్ని, రోడ్డు పక్కన పెట్టలేదు. రానూపోనూ 3 మైళ్ళు, నీడలేని బండల మీద నడవాలి. తిరుమల మెట్లెక్కినవాళ్ళం, ఇదో లెక్కా అని బయల్దేరిన బాబాయిగారు సగం దారిలో నీళ్ళ సీసా కారులోనే ఉండిపోయిందని ప్రకటిస్తారు.

పైన ఫొటోకి క్యూ. వదినగారు పట్టుచీర కుచ్చిళ్ళ కింద స్పోర్ట్స్ షూ దాచుకుని తోరణం కింద నిలబడతారు. "ఇంకొక్కటి, కళ్ళు మూశావు" అంటారు అన్నగారు. సూర్యాస్తమయం కోసం ఎదుటి బండ మీద కెమెరాలు బిగించుకున్న దొరలు గొణుగుతారు. వాళ్ళకేం, తీరిక. మనం హోటల్‌కి వెళ్ళి రైస్ కుక్కర్ పెట్టాలి.

బ్రైస్‌లోని రాతి స్తంభాలు కయోటీ అనే నక్కలాంటి మాయజీవి శాపంతో రాళ్ళైన మనుషులని అక్కడి పయూట్ ఆదివాసుల కథ. అహల్య తెలిసిన మనకు అర్ధనిమిషంలో అర్థమవుతుంది. పార్కు రేంజరు మాత్రం పగుళ్ళలో నీరు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి రాయిని చీలుస్తుందని మొదలుపెడతాడు. అంత టైమెక్కడిది?

టైమంటే గుర్తొచ్చింది. వేసవిలో అమెరికాలో చాలాచోట్ల గడియారం గంట ముందుకు జరుపుతారు, అరిజోనాలో జరపరు. చాలామటుకు అందులోనే ఉన్న నవాహో ఆదివాసుల ప్రాంతం నవాహో నేషన్‌లో జరుపుతారు. అక్కడి యాంటెలోప్ కెన్యన్ టికెట్టు ఒక గంట చెబుతుంది, ఫోను ఇంకో గంట చెబుతుంది, ముందు సీట్లో భార్యాభర్తలు మాట్లాడుకోవడం మానేస్తారు.

కోట్ల ఏళ్ళ రాళ్ళు ఎక్కడికి పోతాయి, నిదానంగా చూడండని పెద్దమనుషుల సలహా. 2008 ఆగస్టులో ఆర్చెస్‌లోని వాల్ ఆర్చ్ అనే తోరణం రాత్రికి రాత్రే కూలిపోయింది, ఎవరికీ చెప్పాపెట్టకుండా. 1991లో అక్కడే ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి 60 అడుగుల పలక ఊడిపడితే దాని కింది దారి మూసేశారు. ఇలాంటి నిలకడలేని రాళ్ళ మీద రోజులు ధారపోయడం బాధ్యత గల గృహస్థులు చేసే పనేనా?

అయినా పెద్దమనసు చేసుకుని లేబర్ డే వీకెండ్ ఆదివారం మధ్యాహ్నం 2.10 నుంచి 2.14 వరకు ల్యాండ్‌స్కేప్ ఆర్చ్‌కే కేటాయించాం. అంతదాకా అది ఆగితే చాలు.