దరఖాస్తుకు దండలా?

అధ్యాపకులకు శాలువాలు కప్పుతున్న ఫొటో, వెనుక ఫ్లెక్సీ, దాని మీద ‘పేటెంటు సాధించిన మా ఆచార్యులకు అభినందనలు’. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యాసంస్థల నుంచి ఇలాంటి ప్రకటన రాని వారం ఈమధ్య మా డెస్కుకు లేదు. నిన్న రాత్రి వచ్చినదానికి జతచేసిన కాగితాన్ని మా ఉపసంపాదకులొకరు పేజీలు కట్టే హడావిడిలోనూ చివరిదాకా చదివారు. అది పేటెంటు కాదు. పేటెంటు ఇవ్వమని పెట్టుకున్న దరఖాస్తు ప్రచురితమైందన్న సమాచారం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. ఇక్కడ సోమలింగానికి బారసాల కూడా చేసి, ఆ ఫొటో మొదటి పేజీలో వేయమంటున్నారు.

సంస్థ పేరు రాయడం లేదు. ఒకరి పేరు రాస్తే మిగిలినవారు హాయిగా పక్కకు తప్పుకుంటారు. వారికి ఆ వెసులుబాటు ఇవ్వదలచుకోలేదు.

ఈ తంతు ఎలా నడుస్తుందో పిల్లల్ని ఈ కళాశాలలకు పంపిన తల్లిదండ్రులకు తెలియాలి. దాఖలైన ఏ దరఖాస్తు అయినా సాధారణంగా 18 నెలలకు పేటెంటు కార్యాలయం వారి పత్రికలో దానంతటదే అచ్చవుతుంది. అంతకాలం ఆగలేనివారు 2,500 రూపాయలు కట్టి ముందే అచ్చు వేయించుకోవచ్చు. విద్యాసంస్థలకు 2021లో కేంద్రం రుసుములను 80 శాతం తగ్గించింది కనుక ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము 1,600. అంటే 4,100 రూపాయలకు ఒక ‘ప్రచురిత పేటెంటు’. శాలువాలకూ ఫ్లెక్సీకీ అంతకన్నా ఎక్కువే అయి ఉంటుంది. అందులో కొత్తదనం ఉందా, అది పనిచేస్తుందా అని అప్పటికి ఎవరూ చూసి ఉండరు. చూడమంటే వేరే అర్జీ పెట్టాలి, వేరే రుసుము కట్టాలి. గడువులోగా ఆ అర్జీ పెట్టకపోతే దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్లే చట్టం లెక్కవేస్తుంది. వెనక్కి తీసుకున్నప్పుడు ఫ్లెక్సీలు కట్టినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

ఇదంతా ఎందుకంటే మార్కుల కోసం. కేంద్ర విద్యాశాఖ విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల లెక్కలో మంజూరైన పేటెంట్లతో పాటు అచ్చయిన దరఖాస్తులకూ చోటుంది. అధ్యాపకుల నియామకాలకూ పదోన్నతులకూ యూజీసీ చేసిన 2018 నిబంధనల పట్టికలో జాతీయ పేటెంటుకు 7, అంతర్జాతీయ పేటెంటుకు 10 పాయింట్లు ఉన్నాయి. పాయింట్లకు ఆశపడేవారున్నచోట దళారులు పుట్టకుండా ఉంటారా? పేటెంటులో మీ పేరు చేరుస్తాం, మొదటి స్థానానికి ఇంత, ఆరో స్థానానికి ఇంత అంటూ వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలు అధ్యాపకులకు కొత్తవి కావు. వస్తువు పైకి కనిపించే రూపానికి మాత్రమే రక్షణనిచ్చే డిజైన్ నమోదును కూడా పేటెంటుగా చెలామణీ చేసేవారు ఉన్నారు. సాంకేతికత ఎలా పనిచేస్తుందన్న దానితో డిజైన్ నమోదుకు సంబంధమే లేదు.

వెనుకబడిన జిల్లాల్లో నిన్నగాక మొన్న పుట్టిన విశ్వవిద్యాలయాలను ఐఐటీలతో పోల్చి నిలదీయడం న్యాయం కాదని కొందరంటారు. దేశం మొత్తం పరిశోధన మీద పెట్టే ఖర్చే జీడీపీలో 0.64 శాతం, అందులోనూ విశ్వవిద్యాలయాల వాటా పదో వంతుకు లోపు అని గుర్తుచేస్తారు. నిజమే. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం పుట్టింది 2008లో. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ 2016లో, గిరిజన విశ్వవిద్యాలయం 2019లో, విజయనగరంలో గురజాడ పేరిట జేఎన్‌టీయూ 2022లో వచ్చాయి. డబ్బు లేదు, మనుషులు లేరు అంటే ఒప్పుకుంటాం. కానీ లేమి అబద్ధానికి అనుమతిపత్రం కాదు. నిధులు లేనివారు ‘ఇంకా ఏమీ చేయలేకపోయాం’ అని చెబుతారు. దరఖాస్తును ఆవిష్కరణ అని చెప్పరు.

పైగా చేయడానికి పని ఎక్కడో లేదు, గడప దాటితే ఉంది. పలాస వెళ్లండి. జీడి పిక్కను ఉడికించి, ఒక్కొక్కటిగా కొట్టి పప్పు తీసేది ఎక్కువగా మహిళలే. పెంకులోని జీడి నూనె తగిలిన చోట చర్మం కాలి నల్లబడుతుంది. తరాలుగా ఆ చేతులు అలాగే ఉన్నాయి. అదే నూనెను శుద్ధిచేస్తే బ్రేకు లైనింగులకూ రంగులకూ రెజిన్లకూ ముడిసరుకు. ఒక రసాయనశాస్త్ర విభాగం, ఒక మెకానికల్ విభాగం పదేళ్లు బతకడానికి సరిపడా పరిశోధన 80 కిలోల పిక్కల బస్తాలో ఉంది. వియత్నాం కూడా మనలాగే వర్ధమాన దేశం, అది కూడా ఆఫ్రికా నుంచి పిక్కలు తెచ్చుకుంటుంది. సొంతంగా యంత్రాలు చేసుకుని, 2006లో జీడిపప్పు ఎగుమతుల్లో మన దేశాన్ని దాటిపోయింది. అక్కడివారి యంత్రం పిక్కలు కొడుతుంటే ఇక్కడివారు దరఖాస్తుకు దండలు వేస్తున్నారు.

పొందూరు సంగతి చెబితే బయటివారు నమ్మరు. నేటికీ అక్కడ వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. ఆ సన్నదనం మరే పనిముట్టుతోనూ రాదని వారి నమ్మకం, బహుశా నిజం కూడా. ఖాదీని మిల్లు బట్టగా మార్చమని ఎవరూ అడగడం లేదు. ఆ చేప పళ్ల అమరికను కొలిచి, అంతే సున్నితంగా పనిచేసే దువ్వెన ఒకటి చేయవచ్చా అని చూడటానికి ఎచ్చెర్ల నుంచి ఎంత దూరం పోవాలి? గోగు పంట సంగతీ అంతే. కట్టలను చెరువు నీటిలో ఊరవేసి, ఆ కంపులో నడుము లోతున నిలబడి నార తీసే బాధ పడలేక రైతులు ఆ పంటనే వదిలేస్తున్నారు. అవతల జనపనార మిల్లులు లాకౌట్ల మీద లాకౌట్లు. ఉద్దానం గురించి కొత్తగా చెప్పేదేముంది? కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏడు మండలాలు, దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు, కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. ఎక్కడెక్కడివారో వచ్చి నీళ్లూ నెత్తురూ నమూనాలు పట్టుకుపోయారు. ఆ ఊళ్లలో తాతల కాలం నుంచీ ఎవరు ఏ నీరు తాగారో, ఏ పొలంలో ఏ మందు చల్లారో ఇంటింటికీ తిరిగి రాసుకోవలసింది ఇక్కడి భాష వచ్చిన విద్యార్థులు కాదా?

విశ్వవిద్యాలయాలకు చేతకాదని మేము అనడం లేదు. చేసినవారు ఈ రెండు జిల్లాల్లోనే ఉన్నారు, వారి ఫ్లెక్సీలు మాత్రం కనిపించవు. రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన వరి వంగడం ఆర్‌జీఎల్ 2537 అంటే చాలామందికి తెలియదు. దాన్నే ‘శ్రీకాకుళం సన్నాలు’ అంటే తెలియని రైతు ఉండడు. రాగిని మనవైపు చోడి అంటాం. విజయనగరం పరిశోధన స్థానం ఇచ్చిన చోడి వంగడాలకు జిల్లాలో పారే చంపావతి, వేగావతి నదుల పేర్లు పెట్టారు. తెల్ల గింజ కావాలన్నవారికి ‘హిమ’ ఇచ్చారు. ఆమదాలవలసలో గోగు మీద పనిచేశారు. ఇవన్నీ ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడిచేవే. వీటికీ నిధుల కొరత ఉంది, సిబ్బంది కొరత ఉంది. మరి తేడా ఎక్కడుంది? అక్కడ వంగడం తయారైందని శాస్త్రవేత్త చెబితే సరిపోదు. ఏళ్ల తరబడి స్థానంలో పరీక్షించాక చిరుసంచుల్లో విత్తనం రైతుల చేతికి వెళ్లాలి. వారి నేలలో, వారి నీటితో పండాలి. పైరు పడిపోతే, తెగులు వస్తే, అన్నం బాగుండకపోతే రైతు మొహం మీదే చెబుతాడు. ఆ మాట పడి, దిద్దుకుని, మళ్లీ వెళ్లాకే విడుదల. ఒక్కో వంగడానికి పదేళ్లు పడుతుంది. దండ ఆ తరువాత, అదీ ఎవరైనా వేస్తే.

ఇంజినీరింగు విద్యలో ఆ రైతు స్థానంలో ఎవరూ లేరు. యంత్రం నమూనా ప్రదర్శన రోజున బల్ల మీద తిరుగుతుంది, మంత్రిగారు చూస్తారు, సాయంత్రానికి బీరువాలోకి పోతుంది. జీడి బట్టీలో ఆరు నెలలు తిప్పి చూశారా అని అడిగే నిబంధన ఏ మార్కుల పట్టికలోనూ లేదు.

ప్రభుత్వాల పాపం తక్కువేమీ కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి 2023లో ప్రకటనలు వెలువడ్డాయి, వ్యవహారం కోర్టుకెక్కి ఆగింది. పాఠం చెప్పే భారం ఒప్పంద అధ్యాపకుల మీదా అతిథి అధ్యాపకుల మీదా పడింది. వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషిని పదేళ్ల పరిశోధన చేయమనడానికి నోరెలా వస్తుంది? గిరిజన విశ్వవిద్యాలయం 2014 విభజన చట్టంలోని హామీ, దాని సొంత ప్రాంగణానికి శంకుస్థాపన జరగడానికి 2023 ఆగస్టు రావలసి వచ్చింది. కొత్త ఆలోచనలకూ అంకుర సంస్థలకూ ఊతమిస్తామంటూ 2025లో ఆర్భాటంగా ప్రారంభించిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు అమరావతి కేంద్రం, అయిదు ప్రాంతీయ శాఖలు. మన రెండు జిల్లాలకూ దగ్గరిది విశాఖపట్నం. ఇచ్ఛాపురం కుర్రవాడికి ఆలోచన వస్తే రెండు వందల కిలోమీటర్లకు పైగా బస్సెక్కాలి. కేంద్రం 2023 చట్టంతో తెచ్చిన జాతీయ పరిశోధన నిధికి అయిదేళ్లలో 50 వేల కోట్లన్నారు, అందులో సింహభాగం ప్రైవేటు రంగం నుంచి వస్తుందని ఆశ పెట్టుకున్నారు. వీటిమీద విశ్వవిద్యాలయాలు గొంతెత్తితే మేము వారి పక్షానే నిలబడతాం. గొంతెత్తాలంటే ముందు ‘మా దగ్గర ఏమీ లేదు’ అని ఒప్పుకోవాలి కదా. అంతా బ్రహ్మాండంగా ఉందని వారం వారం ఫొటోలు పంపేవారికి ప్రభుత్వం డబ్బెందుకు ఇస్తుంది?

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెడుతున్నది శాలువా కప్పుతున్నప్పుడు వెనుక వరుసలో నిలబడి చప్పట్లు కొడుతున్న పిల్లలు. చివరి సంవత్సరం ప్రాజెక్టును దుకాణంలో కొని తెచ్చి సమర్పించే జాడ్యం ఇప్పటికే ఉంది. ఆ విద్యార్థిని ఇక ఏ మొహంతో మందలిస్తారు? అతడు కొన్నది ప్రాజెక్టు, మీరు కొన్నది ప్రచురణ. అతడూ రేపు అధ్యాపకుడవుతాడు, తనకు నేర్పిన కొలమానంతోనే తన విద్యార్థులను కొలుస్తాడు. ఈరోజు దరఖాస్తుకు సన్మానం జరిగితే రేపు దరఖాస్తు పెట్టాలన్న ఆలోచనకే జరుగుతుంది. అవగాహన ఒప్పందాల విషయంలో ఆ దశకు ఇప్పటికే చేరాం. సంతకాల ఫొటో వస్తుంది, ఆ ఒప్పందంతో ఏం ఒరిగిందో చెప్పే వార్త రాదు.

ఈ నేరంలో మాకూ భాగముంది. జిల్లా పేజీలో ఖాళీ నింపుకోవడానికి ఇలాంటి ప్రకటనలను ఒక్క ప్రశ్న అడగకుండా వేశాం, ‘పేటెంటు సాధించారు’ అని మా శీర్షికలే రాశాయి. ఇక వేయం. ఉపకులపతులకూ ప్రిన్సిపాళ్లకూ మా విన్నపం ఇది. మీ సంస్థ పేరిట ఉన్న పేటెంట్ల జాబితాను మీ నోటీసు బోర్డులో పెట్టండి. ఎన్ని దరఖాస్తులు, ఎన్ని మంజూరు, రుసుము కట్టక ఎన్ని చచ్చిపోయాయి, ఎన్నింటిని బయట ఒక్కరైనా వాడుతున్నారు అన్నది ఎవరైనా చదువుకునేలా తెలుగులో రాయండి. చివరి గడిలో సున్నా ఉంటే సున్నా అనే వేయండి. మాకు పంపే ప్రకటనలో మంజూరు సంఖ్య ఉండాలి, దాన్ని వాడుతున్న జీడి బట్టీదో మగ్గానిదో రైతుదో ఊరి పేరు ఉండాలి. మా విలేకరి అక్కడికి వెళ్లి చూసి వస్తారు. ఆ రెండూ లేనప్పుడు ఫొటోలు పంపి మా సమయం వృథా చేయకండి. శాలువాల డబ్బుతో ఒక బస్తా జీడి పిక్కలు కొని మీ ప్రయోగశాలలో పెట్టుకోండి.