సవరణ: రివాల్వర్ కాలిబర్ గురించి నేను రాసింది తప్పు

మొన్న పోస్టులో .32 రివాల్వర్ (ఈ అంకె కాలిబర్, అంటే గుండు వెడల్పు సుమారుగా, అంగుళాల్లో) ఆత్మరక్షణకి దండగ, .45 తగిలితే మనిషి ఎగిరి వెనక్కి పడతాడు అని రాశా కదండీ, అది తప్పు. .32కి బలం తక్కువన్నది నిజమే గానీ ఏ చేతి తుపాకీ గుండూ మనిషిని ఎగరగొట్టదు, ఎక్కడ తగిలింది, ఎంత లోతుకి దిగింది అన్నదే అసలు సంగతి. అమెరికాలో ఎఫ్‌బీఐ (కేంద్ర దర్యాప్తు సంస్థ) వాళ్లు, 1986లో మయామీలో దొంగలతో జరిగిన ఎదురుకాల్పుల్లో తమ ఏజెంట్లు చనిపోయాక, పెద్ద కాలిబర్‌కి వెళ్లి, చివరికి మళ్లీ 9 ఎంఎంకే వచ్చేశారు, కుదుపు తక్కువ, గురి నిలుస్తుంది అని. మన దగ్గరైతే 9 ఎంఎం నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సు మీద ఇవ్వరు.

రాజోలు దగ్గర కొబ్బరితోటలో ఒంటరిగా ఉండే మా బావగారు ఆ మొన్నటి పోస్టు చదివి కాన్పూరులో తయారైన తన .32 రివాల్వర్ అమ్మేద్దామనుకున్నారంట. ఆయనకి ట్రిగ్గర్ లాగేటప్పుడే చెయ్యి వణికి ముందు సైటు (గొట్టం చివర గురి చూసే మొన) కిందకి జారిపోద్ది, ఇంకా పెద్దదైతే మరీ కష్టం. అమ్మకండి బావగారూ, షూటింగ్ రేంజికెళ్లి ప్రాక్టీసు చెయ్యండి.