‘నీకంతా అనుమానమే’ అనడం ముందు ఆపండి

డిప్రెషన్‌లో ఉన్న మనిషి "ఆమె నన్ను చూసి మొహం చిట్లించింది" అంటే మన ఇళ్లల్లో వచ్చే మొదటి జవాబు "నీకంతా అనుమానమే". రెండోది "పనీపాటా లేక ఇట్టాంటివన్నీ ఆలోచిస్తన్నావు". కావలి నుంచి ఒంగోలు దాకా చుట్టాలందరి నోటా ఇదే వినీ వినీ విసుగొచ్చి రాస్తున్నా.

అనుమానం వేరు, కంటికే అట్లా కనపడటం వేరు. పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసెన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1976లో నవ్వు, ఏడుపు, కోపం, భయం లాంటివి చూపించే మొహాల ఫొటోలు ఒక సెట్టుగా తెచ్చారు. అట్లాంటి ఫొటోలతో ఎన్నో పరీక్షలు జరిగాయి. ఏ భావమూ లేని మొహం చూపిస్తే, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు అది దిగులు మొహమని అనుకునే అవకాశం ఎక్కువ. చిరునవ్వయితే, కాస్త గట్టిగా నవ్వితే తప్ప నవ్వని పట్టుకోలేరు. ఏడుపు మొహాన్ని మాత్రం అందరిలాగే పట్టేస్తారు. చూశామని కూడా తెలియనంత వేగంగా ఏడుపు మొహాన్ని చూపించి తీసేసినా, మెదడులో అమిగ్డలా అనే భాగం వీళ్లలో ఎక్కువగా స్పందించడం స్కానింగుల్లో కనపడింది. ఇక అందులో ఊహించుకునే తీరిక ఎక్కడుంది?

పరీక్షల్లో ఈ తేడా సగటున చిన్నదే, నిజమే. కానీ ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎన్ని మొహాలు చూస్తాం! ప్రతి చూపులోనూ రవ్వంత చేదు కలిస్తే సాయంత్రానికి ఎంతవుతుంది?

మా చుట్టాల్లో ఒకమ్మాయికి కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చింది. వాళ్లత్త మంచిదే, కానీ ఆమె నవ్వాలంటే వరసగా మూడేళ్లు వడ్లకు మంచి రేటు రావాలి. ఆ మొహం ఈ పిల్లకు రోజంతా కోపంగానే కనపడేది. అడిగితే ఆ అత్త, "నేనేమన్నానమ్మా, ఒక్క మాటన్నా అన్నానా?" అంది. గొడవంతా అక్కడే! ఏమీ అనలేదు. నోటితో చెప్పాల్సింది మొహానికి వదిలేసింది. "తలనొప్పిగా ఉందమ్మా, నీ మీద కోపం కాదు" అనడానికి ఖర్చేం లేదు కదా. మనకేమో పంచాయితీలు పెట్టుకోవడానికి నోరొస్తుంది, ఇంట్లో మంచి మాట చెప్పడానికి రాదు.

బైపోలార్ అనే జబ్బులో, అంటే మనసు కొన్నాళ్లు దిగులుకీ కొన్నాళ్లు అతి హుషారుకీ ఊగే జబ్బులో, మేనియా (ఆ అతి హుషారు దశ) వచ్చినప్పుడు వేరే గోల. అప్పుడు ఎదుటివాళ్ల మొహంలో భయం, అసహ్యం సరిగా పట్టుకోలేకపోతారని కొన్ని పరిశోధనల్లో తేలింది. రొయ్యల గుంటలు ఇంకో నాలుగు లీజుకు తీసుకుందామని హుషారుగా చెప్పుకుపోయే మనిషికి, పక్కన భాగస్వామి మొహం పాలిపోవడం తెలియకపోవచ్చు. ఊళ్లో దానికి పెట్టే పేరు పొగరు.

మందుల సంగతీ చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్‌లో క్యాథరిన్ హార్మర్ బృందం గమనించిందేమంటే, డిప్రెషన్ మందు మొదలుపెట్టిన తొలిరోజుల్లోనే, మనసు తేలికపడకముందే, మొహాలను చూసే తీరులో మార్పు మొదలవుతుంది. మనసు కుదుటపడటానికి వారాలు పడుతుంది. మనవాళ్లేమో పది రోజులు మింగి "ఏం పనిచెయ్యలేదబ్బా" అని డాక్టర్ని అడక్కుండానే మానేస్తారు. షుగరుకయితే నెల్లూరు పొగతోట ఆసుపత్రుల్లో దర్జాగా లైన్లో కూర్చుంటారు. దీనికి మాత్రం తెలిసినవాళ్లు ఎదురుపడతారని దొంగచాటుగా చెన్నై బస్సెక్కుతారు! అంత దూరం పోలేనివాళ్లకు, 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

అట్లాగని చూపు అపార్థం చేసుకున్న ప్రతివాళ్లకూ డిప్రెషన్ అంటగట్టొద్దు. నిజంగానే మొహం చిట్లించేవాళ్లూ ఉంటారు, కోడళ్లకు ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఫొటోలు చూపించి జబ్బు తేల్చే పరీక్ష కూడా ఏదీ లేదు, అది డాక్టరు మాట్లాడి తేల్చాల్సిందే.

ఇక "మొహం చూస్తే కళకళలాడతా ఉంది, దీనికి డిప్రెషనేంది" అనే బ్యాచ్ ఒకటుంది. వాళ్లకు ఇంకో పోస్టు బాకీ.